జియోఫిజిక్సా, రిమోట్ సెన్సింగా, విపత్తుల పర్యవేక్షణా? మన వైపు పిల్లలు ఎంచుకునే ముందు

మా అక్క కూతురు తిరుపతిలో ఫిజిక్స్ మేజర్‌గా బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతోంది. దసరా సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి అడిగింది. "పిన్నీ, నువ్వు భూమిలోకి కరెంటు పంపావు, ఉపగ్రహాల చిత్రాలు చూశావు, వరదల డ్యూటీ చేశావు. మూడింట్లో నన్ను దేనికి పొమ్మంటావు? ఒక్కటే చెప్పు."

ఒక్కటే చెప్పడం నా వల్ల కాలేదు. ఆ రాత్రి చెప్పింది సగమే. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. తిరుపతి, చిత్తూరు వైపు ఇదే ప్రశ్నతో ఉన్న పిల్లలు ఇంకా చాలామంది ఉంటారని నాకు తెలుసు.

ఈ మూడింటినీ పోల్చేటప్పుడు అందరూ జీతం ఎంత, సీట్లు ఎన్ని, 'స్కోప్' ఉందా అని చూస్తారు. అవీ చూడాల్సిందే, కింద చెబుతాను. కానీ ఇరవై ఏళ్ళు ఈ పనుల్లో గడిపాక నేను మొదట అడిగే ప్రశ్న వేరు. మీరు ఒక తప్పు చేస్తే అది ఎవరి నెత్తిన పడుతుంది? మీకు ఎప్పుడు తెలుస్తుంది? మూడు పనుల్లోనూ తప్పులు తప్పవు. కానీ మూడు చోట్లా తప్పు ఒక్కలా ఉండదు. ఏ రకం తప్పును మోస్తూ మీరు మర్నాడు మళ్ళీ పనిలోకి రాగలరో, అదే మీ దారి.

బోరు పాయింటు దగ్గర

జియోఫిజిక్స్ అనగానే మన పిల్లలకు భూకంపాలు, చమురు బావులు గుర్తొస్తాయి. చిత్తూరు జిల్లా రైతుకు మాత్రం ఆ పేరు తెలియకపోయినా ఆ పని తెలుసు. బోరు పాయింటు చూడటానికి వచ్చేవాళ్ళలో ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు, ఒకాయన వేపపుల్ల పట్టుకుంటాడు, ఇంకొకరు వైర్లు, ఇనుప కడ్డీలు, ఒక పెట్టె తెచ్చుకుంటారు. ఆ మూడో మనిషి చేసేది జియోఫిజిక్స్.

నాలుగు కడ్డీలు వరసగా నేలలో దిగ్గొడతారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపే కొద్దీ కరెంటు ఇంకా లోతుకు పాకుతుంది. గట్టి గ్రానైటు కరెంటును బాగా అడ్డుకుంటుంది. శిథిలమై, తడి పట్టిన రాయి అంతగా అడ్డుకోదు. ఆ తేడాను గ్రాఫుగా గీసి, కింద ఏ పొర ఎంత లోతులో ఉందో అంచనా వేస్తారు.

ఎమ్మెస్సీ అయిన కొత్తలో నేను పలమనేరు వైపు ఇదే పని చేసేదాన్ని. ఒక రైతు చేనులో నా గ్రాఫు చాలా బాగా వచ్చింది. పాయింటు పెట్టాను. వెయ్యి అడుగులు వేశారు. తెల్లటి దుమ్ము తప్ప చుక్క రాలేదు. ఆ రైతు నన్నేమీ తిట్టలేదు. "నీ మిషను చెప్పింది కదమ్మా" అని ఒక్క మాట అన్నాడు. ఆ బోరు అప్పు తీరడానికి ఆయనకు ఎన్నేళ్ళు పట్టిందో నేను ఊహించగలను.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. మన వైపు రాతినేలలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి. పైనున్న శిథిల పొరలో కొన్ని, కింద రాతి పగుళ్ళలో కొన్ని. పై పొర ఎండిపోయి చాలా ఏళ్ళయింది, అందుకే వందల అడుగులు దిగుతున్నాం. ఎనిమిది వందల అడుగుల కింద ఉన్న సన్నటి పగులు పై నుంచి పంపిన కరెంటుకు దాదాపు కనిపించదు. నా గ్రాఫు అబద్ధం చెప్పలేదు. అది చెప్పలేనిదాన్ని దాని చేత నేనే చెప్పించాను. ఆ తర్వాత ఎవరికి పాయింటు పెట్టినా 'ఇంత లోతు వరకే నాకు తెలుసు, ఆ కింద మీ ధైర్యం' అని ముందే చెప్పడం నేర్చుకున్నాను. కొందరు రైతులు నన్ను వద్దని కొబ్బరికాయ ఆయన్నే పిలిపించుకున్నారు, ఎందుకంటే ఆయన 'తప్పకుండా పడుతుంది' అంటాడు.

జియోఫిజిక్స్‌లో తప్పు తీరు అది. అది ఒక మనిషి మీద పడుతుంది, వారంలో తేలిపోతుంది. డ్రిల్లింగ్ బిట్ మీకు మొహమాటం లేకుండా జవాబు చెబుతుంది. బాధగా ఉంటుంది, కానీ శాస్త్రం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి గురువు నాకు దొరకలేదు.

ఇదే చదువు ఇంకా పెద్ద పనులకూ తీసుకెళ్తుంది. హైదరాబాదులో 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో భూకంపాలు, భూగర్భజలం, ఖనిజాలు, భూమి అయస్కాంతత్వం, అన్నింటి మీదా పరిశోధన నడుస్తుంది. మహారాష్ట్రలోని కొయనా డ్యాం దగ్గర 1967లో వచ్చిన భూకంపానికీ జలాశయంలో నీటికీ ఉన్న సంబంధాన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేసిన హర్ష్ గుప్తా ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. చమురు వైపు వెళ్ళాలనుకుంటే ఓఎన్‌జీసీ ఉంది. 1851 నుంచి పనిచేస్తున్న జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియోఫిజిసిస్టు ఉద్యోగాలుంటాయి. అక్కడ గ్రూప్ ఏ ఉద్యోగం మూలవేతనం 56,100తో మొదలవుతుంది. ఫిజిక్స్ పిల్లలు ఒక సంగతి గమనించాలి. యూపీఎస్‌సీ జియో సైంటిస్టు పరీక్షలో జియోఫిజిసిస్టు పోస్టుకు ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్ళూ అర్హులే. జియాలజీ చదవలేదు కదా అని వదిలేసుకున్నవాళ్ళను చూశాను. ఆ తలుపు తెరిచే ఉంది.

పై నుంచి చూడటం

రిమోట్ సెన్సింగ్‌కు, అంటే పై నుంచి తీసిన చిత్రాలతో నేలను చదివే పనికి, మన దేశంలో మంచి పుట్టుక ఉంది. 1970లో కేరళ కొబ్బరి తోటల మీద హెలికాప్టరులో తిరుగుతూ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము మీద ఫోటోలు తీశారు. వేరు తెగులు పట్టిన చెట్లు అందులో వేరుగా కనిపించాయి. ఆ పని నడిపించిన పిషరోత్ రామ పిషరోటిని భారత రిమోట్ సెన్సింగ్‌కు పితామహుడిగా చెప్పుకుంటారు. ఆ తర్వాత 1988లో ఐఆర్‌ఎస్ 1ఏ ఉపగ్రహం వెళ్ళింది. ఇప్పుడు మనకు సొంత ఉపగ్రహాల వరుసే ఉంది. హైదరాబాదు బాలానగర్‌లో ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, షాద్‌నగర్‌లో దాని గ్రౌండ్ స్టేషన్ ఆ డేటాను అందుకుని పంచుతున్నాయి. ఇస్రో మ్యాపుల వెబ్‌సైటు 'భువన్'లో ఎవరైనా తమ ఊరిని చూసుకోవచ్చు.

పని రుచిగా ఉంటుంది, అందులో సందేహం లేదు. నీడపట్టున కూర్చుని కుప్పం నుంచి శ్రీకాళహస్తి దాకా ఒక్క పూటలో తిరిగి రావచ్చు. ముప్పై ఏళ్ళ కిందటి చెరువును ఈనాటి చెరువు పక్కన పెట్టి చూడొచ్చు. 1972 నుంచి ఉన్న అమెరికా లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. పల్లె నుంచి వచ్చిన పిల్లకు కూడా ఒక లాప్‌టాప్, నెట్ ఉంటే నాసా వాళ్ళు చూసే డేటానే చేతికొస్తుంది. మా కాలంలో ఆ సౌకర్యం లేదు.

కానీ ఇక్కడ తప్పు నిశ్శబ్దంగా ఉంటుంది. నేను చేసిన రెండు తప్పులు చెబుతాను. ఉపగ్రహం తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటితో తీసే రాడార్ చిత్రంలో నిలకడగా ఉన్న నీరు నల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే నున్నటి నీటి మీద పడిన తరంగం పక్కకు జారిపోయి ఉపగ్రహానికి తిరిగి రాదు. కొండ వెనక తరంగం చేరని చోటు కూడా అలాగే నల్లగా ఉంటుంది. ఒకసారి నా ప్రోగ్రాము శేషాచలం కొండల నీడలను నీటి గుంటలుగా లెక్కేసింది. ఇక్కడి దాన్ని కాబట్టి పట్టుకున్నాను. అక్కడ చెరువు లేదని నా కాళ్ళకు తెలుసు. అదే అస్సాం మ్యాపు అయితే పట్టుకునేదాన్నా? ఇంకోసారి మా వైపు తోతాపురి తోటలు కొన్ని అడవి కింద పడ్డాయి. ముదురు మామిడి తోట, చిట్టడవి పై నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆ మ్యాపు ఒక నివేదికలోకి వెళ్ళింది, ఆ నివేదిక మరో ఆఫీసుకు వెళ్ళింది. రెండేళ్ళ తర్వాత వేరే పని మీద తిరుగుతుంటే ఆ తోటల మధ్య నిలబడి నా తప్పు చూసుకున్నాను. ఈలోగా నాకు ఒక్క ఫోను రాలేదు.

అందుకే రిమోట్ సెన్సింగ్ తీసుకునే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. నేల మీద తిరగడం ఇష్టం లేక దీన్ని ఎంచుకోవద్దు. బూట్లకు మట్టి అంటని రిమోట్ సెన్సింగ్ నిపుణులు నాకు తెలిసినంతలో అందమైన రంగుల మ్యాపులు చేస్తారు, నమ్మదగ్గ మ్యాపులు తక్కువ చేస్తారు.

చదువు సంగతికొస్తే, డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ళ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్‌ఎస్‌లో ఎంటెక్ ఉంది. దాని డిగ్రీ మన ఆంధ్ర విశ్వవిద్యాలయానిదే. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో కూడా ఎంటెక్ ఉంది. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో జియోమాటిక్స్ పేపరు 2022 నుంచి విడిగా పెట్టారు. ఐఐఆర్‌ఎస్ వాళ్ళు ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతారు, డిగ్రీలో ఉండగానే చేయొచ్చు. ప్రైవేటులో జీఐఎస్ ఉద్యోగాలు, అంటే కంప్యూటర్లో మ్యాపులు చేసే ఉద్యోగాలు, హైదరాబాదులో చాలా ఉన్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం గీతలు గీసే పని, మొదటి జీతం తక్కువ. పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాయడం, రాడార్ డేటా అర్థం చేసుకోవడం వస్తే అక్కడి నుంచి బయటపడతారు. రాకపోతే ఐదేళ్ళ తర్వాత కూడా అదే కుర్చీలో ఉంటారు. కటువుగా చెబుతున్నానేమో కానీ, ఆ కుర్చీల్లో మన జిల్లా పిల్లలు తెలివైనవాళ్ళు కొందరున్నారు. వాళ్ళను చూసి బాధతో చెబుతున్నాను.

ఆ నవంబరు

2021 నవంబరులో వానలు పడ్డప్పుడు నేను హైదరాబాదులో ఒక స్క్రీన్ ముందు ఉన్నాను. మా అమ్మ తిరుపతిలో ఉంది. ఆ నెల 18, 19 తేదీల్లో తిరుమల మెట్ల దారిలో నీళ్ళు ఏరులా దిగాయి. కపిలతీర్థం జలపాతం ఎన్నడూ లేనంత ఉధృతంగా పడింది. ఊళ్ళో వీధులు మునిగాయి. స్వర్ణముఖి పొంగింది. కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య డ్యాం కట్ట 19న తెగింది. డిసెంబరు 1న ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడ్డాయి.

మామూలు కెమెరా ఉపగ్రహాలు ఆ రోజుల్లో ఎందుకూ పనికిరాలేదు. పైనంతా మబ్బే. రాడార్ మబ్బును దాటి చూస్తుంది కానీ, రాడార్ ఉపగ్రహం మన మీదికి వచ్చే వేళకు మన వంకలు ఆగవు. గోదావరి వరద రోజుల తరబడి నిలుస్తుంది, దాన్ని ఉపగ్రహం చక్కగా పట్టుకుంటుంది. మన స్వర్ణముఖి గంటల్లో వచ్చి గంటల్లో పోతుంది. చిత్రం చేతికొచ్చేసరికి బురద మిగిలింది. అప్పుడు పనికొచ్చింది వాన లెక్కలు, నేల వాలు, చెరువుల గొలుసు. ఏ చెరువు నిండి మొరవ పోతే (అలుగు పారితే) ఆ నీళ్ళు ఏ చెరువులోకి దిగుతాయన్న జ్ఞానం.

రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరడం మొదలైనప్పుడు కింది పల్లెలను ఖాళీ చేయించారు. జనం తట్టాబుట్టా సర్దుకుని కొండ వైపు వెళ్ళారు. కట్టను పటిష్ఠం చేశారు, కట్ట నిలిచింది. తర్వాత కొందరు 'అనవసరంగా పరుగులు పెట్టించారు' అన్నారు. తెగి ఉంటే 'ముందే ఎందుకు చెప్పలేదు' అనేవాళ్ళు. విపత్తుల పర్యవేక్షణలో తప్పుకు రెండు వైపులా పదును ఉంటుంది. చెప్పకపోతే ప్రాణాలు పోతాయి. చెప్పి, జరగకపోతే రేపటి మాటను జనం నమ్మరు. డేటా సగమే ఉన్నప్పుడు, అర్ధరాత్రి, మీ పై అధికారి ఫోను పట్టుకుని ఎదురు చూస్తుండగా చెప్పాలి. ఆ టెన్షన్ అందరూ పడలేరు. పడలేకపోవడంలో చిన్నతనమేమీ లేదు. నేను నాలుగేళ్ళు చేసి పక్కకు తప్పుకున్నాను.

ఈ పనికి శాస్త్రం లోతుగా రావాలనడానికి ఒక ఉదాహరణ. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది, సునామీ మన తీరం దాకా వచ్చి వేలమందిని మింగింది. 2012 ఏప్రిల్ 11న అదే వైపు 8.6 తీవ్రతతో మళ్ళీ వచ్చింది, కానీ పెద్ద సునామీ రాలేదు. మొదటిసారి సముద్రపు అడుగు పైకీ కిందికీ కదిలి నీటిని ఎత్తింది. రెండోసారి రాతిపలకలు ఒకదాని పక్కన ఒకటి అడ్డంగా జారాయి. ఆ తేడాను నిమిషాల్లో పసిగట్టాలి. 2007 అక్టోబరు నుంచి ఆ పని హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లో ఉన్న సునామీ హెచ్చరికల కేంద్రం రాత్రింబగళ్ళు చేస్తోంది. అక్కడ కూర్చున్నవాళ్ళకు అలలు, భూకంపాల తరంగాలు, సముద్రపు అడుగున పెట్టిన పీడన పరికరాల లెక్కలు కలిపి చదవడం రావాలి.

కాబట్టి 'డిజాస్టర్ మేనేజ్‌మెంట్' అని పేరున్న డిగ్రీలో నేరుగా చేరితే సైంటిస్టు కావచ్చనుకోవద్దు. ఆ కోర్సులు పాలన వైపు, సహాయక చర్యల వైపు పనికొస్తాయి, అవీ అవసరమే. శాస్త్రవేత్తగా ఈ పని చేయాలంటే మాత్రం ముందు భూమినో, గాలినో, నీటినో చదివి రావాలి. ఇది మొదటి మెట్టు కాదు, నడిచి చేరుకునే చోటు.

ఇంకో సంగతి కూడా ముందే తెలియాలి. మనకు వానలు, తుపానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంటే దీపావళి, కార్తీక మాసం మీ క్యాలెండరులో ఉండవు. మా అమ్మ చేతి ఒబ్బట్లు నేను చాలా ఏళ్ళు పండగ వెళ్ళిన వారానికి తిన్నాను.

ఇంటి పక్కనే ఉన్నదాన్ని మరిచిపోతాం

మా అక్క కూతురి వయసువాళ్ళు హైదరాబాదు, డెహ్రాడూన్ అంటూ లెక్కలేసుకుంటారు కానీ తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో ఉన్న గాదంకిని ఎవరూ తలచుకోరు. అక్కడ అంతరిక్ష విభాగం కింద పనిచేసే నార్ల్ ఉంది, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. 1990ల మొదట్లో అక్కడ ఎంఎస్‌టీ రాడార్ పెట్టారు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న స్థలంలో 1024 యాంటెన్నాలు ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉంటాయి. మన నెత్తిన ఇరవై కిలోమీటర్ల ఎత్తుకు పైగా గాలి ఎటు వీస్తోందో అవి కొలుస్తాయి. ఉరుముల మబ్బు ఎలా పెరుగుతుందో, ఈశాన్య రుతుపవనాలు ఎందుకు ఒక ఏడు ముంచి ఒక ఏడు ఎండగడతాయో తెలుసుకోవాలంటే ఇలాంటి కొలతలే కావాలి.

ఫిజిక్స్ బాగా వచ్చి, రాళ్ళ మీద అంత మమకారం లేని పిల్లలకు నేను ఈ నాలుగో దారి చూపిస్తాను. విపత్తుల పర్యవేక్షణకు మన ప్రాంతంలో దగ్గరి దారి భూకంపాలు కాదు, వాన. ఏర్పేడు వైపు ఉన్న కేంద్ర సైన్సు విద్యాసంస్థ ఐసర్‌లో ఎర్త్ అండ్ క్లైమేట్ సైన్స్ విభాగం ఉంది. ఐఐటీ ఉంది. 1954 నాటి మన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జియాలజీ, ఫిజిక్స్ రెండూ ఉన్నాయి. నేను జియాలజీ చదివింది అక్కడే. ఇంటి నుంచి దూరం పంపడానికి భయపడే తల్లిదండ్రులున్న ఆడపిల్లలకు ఈ మాట ఇంకా ముఖ్యం. పీహెచ్‌డీ దాకా వంద కిలోమీటర్ల లోపలే చదువుకోవచ్చు. పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. ఆ డబ్బు తెచ్చే ఆడపిల్ల మాటకు ఇంట్లో విలువ మారుతుంది. నేను స్వయంగా చూశాను.

నా మొగ్గు ఎటు

ఎటూ తేల్చకుండా వదిలేస్తే మా పిల్ల ఊరుకోదు కాబట్టి చెబుతాను.

ఫిజిక్స్, మ్యాథ్స్ పునాది ఉన్నవాళ్ళు ముందు జియోఫిజిక్స్ గానీ వాతావరణ శాస్త్రం గానీ పట్టుకోండి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులో ఉస్మానియా, లేదంటే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి ఖరగ్‌పూర్, ధన్‌బాద్, బొంబాయి వైపు చూడండి. అక్కడి నుంచి రిమోట్ సెన్సింగ్‌లోకి ఆరు నెలల్లో దిగొచ్చు, సాఫ్ట్‌వేరు నేర్చుకుంటే చాలు. అటు నుంచి ఇటు రావడం కష్టం. ముప్పై దాటాక తరంగాల గణితం కొత్తగా నేర్చుకున్నవాళ్ళు నాకు ఇద్దరే తెలుసు.

పైగా ఈ రెండింటి మధ్య గోడ పడిపోతోంది. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన నిసార్ ఉపగ్రహాన్నే చూడండి. నాసా, ఇస్రో కలిసి చేసిన ఆ రాడార్ పన్నెండు రోజులకోసారి అదే నేల మీదికి వచ్చి, నేల సెంటీమీటర్లలో కదిలినా పసిగడుతుంది. కొండచరియ జారకముందే మెల్లగా కదలడం, భూగర్భజలం తోడేసిన చోట నేల కుంగడం, భూకంపం తర్వాత భూమి జరగడం, అన్నీ అందులో తెలుస్తాయి. చిత్రం తయారు చేయడం రిమోట్ సెన్సింగ్. అది ఎందుకు కదిలిందో చెప్పడం జియోఫిజిక్స్. రెండోది వచ్చినవాళ్ళ కోసం రాబోయే రోజుల్లో వెతుకుతారని నా నమ్మకం.

కంప్యూటర్ సైన్స్, జాగ్రఫీ, అగ్రికల్చర్, సివిల్ చదివినవాళ్ళకు ఈ సలహా వర్తించదు. మీరు నేరుగా రిమోట్ సెన్సింగ్‌కే వెళ్ళండి. పంటలు, భూమి వినియోగం, పట్టణాలు, చెరువుల ఆక్రమణలు, ఇవన్నీ మీ పొలం. జియాలజీ వాళ్ళు రెండింటికీ మధ్యలో ఉంటారు. లెక్కలంటే భయం లేకపోతే జియోఫిజిక్స్, ఉంటే రిమోట్ సెన్సింగ్.

ఒక్క హెచ్చరిక. ఈ రంగాలన్నింటిలో శాశ్వత ఉద్యోగం వచ్చే లోపు కాంట్రాక్టు ప్రాజెక్టుల్లో రెండు మూడేళ్ళు, కొన్నిసార్లు ఐదేళ్ళు గడుస్తాయి. ఏటా పొడిగింపు ఉత్తరం కోసం ఎదురుచూడాలి. పెళ్ళి మాటలు, తమ్ముడి ఫీజులు, అమ్మానాన్నల ఆరోగ్యం, అన్నీ సరిగ్గా ఆ ఏళ్ళలోనే వస్తాయి. ఇంట్లో ఈ సంగతి మొదటి రోజే చెప్పండి. యూపీఎస్‌సీ పరీక్షకు జనరల్ వాళ్ళ వయసు పరిమితి 32. దాన్ని లెక్కలో పెట్టుకుని ప్రాజెక్టుల్లో ఉండండి.

మూడు ఆదివారాలు, ఒక నోటుబుక్కు

మా పిల్లకు చివరికి నేను ఇచ్చింది సలహా కాదు, పని. మీరూ చేసి చూడొచ్చు.

ఒక ఆదివారం, దగ్గర్లో ఎవరైనా నేలలోకి కరెంటు పంపే రెసిస్టివిటీ సర్వే చేస్తుంటే అడిగి వెంట వెళ్ళండి. వైరు చుట్ట మోయండి, సుత్తితో కడ్డీలు దిగ్గొట్టండి, రీడింగులు రాయండి. సాయంత్రానికి గ్రాఫు గీస్తూ ఆకలి మరిచిపోయారా, ఇంటికి ఎప్పుడు పోదామా అనుకున్నారా?

ఇంకో ఆదివారం, మ్యాపులు చేసే సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్ దించుకోండి, ఉచితమే. మీ ఊరి చెరువు ఉపగ్రహ చిత్రాలు మూడేళ్ళవి తీసుకుని నీటి అంచు గీయండి. మూడో ఆదివారం ఆ మ్యాపు పట్టుకుని కట్ట మీద నడవండి. ఎక్కడ తప్పు గీశారో వెతకండి. తప్పు దొరికినప్పుడు చిరాకొచ్చిందా, ఇంకోటి వెతకాలనిపించిందా?

నోటుబుక్కు మాత్రం నవంబరు అంతా ఉండాలి. రోజూ సాయంత్రం వాతావరణ శాఖ సూచన, మీ ఊళ్ళో పడిన వాన, చెరువు నీటి మట్టం రాయండి. దాని కింద ఒక్క వాక్యం: రేపు ఈ వేళకు చెరువు మొరవ పోతుంది, లేదా పోదు. 'పోవచ్చు' అని రాయకూడదు. మర్నాడు వెళ్ళి చూసి, పక్కన నిజం రాయాలి. నెలాఖరుకు పోతుందని రాసి పోనివి ఎన్ని, పోదని రాసి పోయినవి ఎన్ని, విడివిడిగా లెక్కపెట్టాలి.

మా పిల్ల మొదటి వారం పేజీలు ఫోటో తీసి పంపింది. మొదటి రెండు రోజులు 'పోదు' అని నీటుగా రాసింది. మూడో రోజు బాగా వాన పడినట్టుంది, 'పోతుంది' అని రాసి కొట్టేసి, 'పోదు' అని రాసి, అదీ కొట్టేసి, మళ్ళీ 'పోతుంది' అని రాసింది. ఆ రాత్రి పదకొండింటికి గొడుగేసుకుని వాళ్ళ నాన్నను లేపి కట్ట మీదికి తీసుకెళ్ళిందట. "మొరవకు ఇంకా మూడు మెట్లు ఉంది పిన్నీ" అని మెసేజ్ పెట్టింది.